చీటీల వరస

ఆ గదిలోకి చెప్పులతో రాకూడదన్న నియమం పెట్టింది నేనే. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ‘పాదరక్షలు బయట విడువవలెను’ అని రాసి తలుపుకి అంటించిందీ నేనే. తొంభైల మొదట్లో కంప్యూటరున్న ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి అట్ట ఒకటి ఉండేది. దుమ్ము పడితే మిషను పాడైపోతుందని ఎవరో చెప్పారు, అందరం నమ్మాం. నిజం చెప్పాలంటే నాకు దుమ్ము మీద కంటే, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చే మనుషుల మీదే ఎక్కువ ఇష్టం ఉండేది. దానివల్ల గదికి ఒక గౌరవం వచ్చినట్టుండేది.

మాది బెంగళూరు నుంచి వెలువడే ఒక తెలుగు దినపత్రిక ఎడిషన్. ప్రెస్సు బొమ్మసంద్రలో, ఫ్యాక్టరీల మధ్య. కింద అచ్చుయంత్రం, దాని పక్కన ప్యాకింగ్ షెడ్డు. మేడ మీద డెస్కు, ఆ చివర ఏసీ పెట్టిన చిన్న గది. నేను డెస్కు మనిషిని. జిల్లా వార్తలు దిద్దుతూ, శీర్షికలు పెడుతూ కొన్నేళ్ళు గడిపాక, సాయంత్రం పూట నడిచే ఒక కంప్యూటర్ సెంటర్లో చేరి ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అందరూ నేర్చుకుంటున్నారు, అంతే.

ఆ రోజుల్లో ఏ ఊరి ఏజెంటుకి ఎన్ని ప్రతులు వెళ్ళాలో ఒక గుమాస్తా రోజూ చేత్తో చీటీలు రాసేవాడు. ఒక్కో చీటీ ఒక్కో కట్ట మీద పెట్టి తాడు బిగిస్తారు. ఆయన సెలవు పెడితే ఆ పూట ఎవరి చేతిరాతా ఎవరికీ అర్థమయ్యేది కాదు. నేను మేనేజర్ని అడిగి, రెండు నెలలు కూర్చుని, ఆ చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం రాశాను. రోజూ సాయంత్రం నాలుగున్నరకి డాట్ మాట్రిక్స్ ప్రింటరు కీచుమంటూ మొదలుపెడితే పావుగంటలో అన్ని ఊళ్ళ చీటీలూ బయటకొచ్చేవి. ఆ తర్వాత నన్ను డెస్కు నుంచి తప్పించి కంప్యూటర్ సెక్షన్‌కి ఇన్‌చార్జిని చేశారు. సెక్షనంటే నేను, ఒక మిషను, ఒక ప్రింటరు.

ఆ ప్రోగ్రాంలో నాకు మహా గర్వమైన సంగతి ఒకటుంది. వ్యానుకి వెనక తలుపు ఒక్కటే. కాబట్టి చివర దిగే ఊరి కట్టలు ముందు ఎక్కించాలి, మొదట దిగే ఊరి కట్టలు తలుపు దగ్గరుండాలి. కట్టలు కట్టేవాళ్ళు చీటీలు ఏ వరసలో వస్తే ఆ వరసలో కట్టి వ్యానులోకి మోస్తారు. అందుకని చీటీలే ఆ వరసలో రావాలి. దీనికోసం నేను వారం రోజులు వ్యానుల్లో తిరిగి, ఏ ఊరు ముందో ఏది తర్వాతో నోటుబుక్కులో రాసుకుని, ప్రతి ఊరికీ ఒక నంబరిచ్చాను. ఉత్తరం వైపు వెళ్ళే వ్యానుకి దేవనహళ్ళి ఒకటి, చిక్కబళ్ళాపురం రెండు, గుడిబండ మూడు, బాగేపల్లి నాలుగు. పెద్ద నంబరున్న ఊరి చీటీ ముందు వస్తుంది. ఇంత సూక్ష్మం ఇంకెవరికి తడుతుందని ఆ రోజుల్లో నా భార్యకి నాలుగైదుసార్లు చెప్పి ఉంటాను.

చీటీలు పట్టుకెళ్ళడానికి ప్యాకింగ్ మేస్త్రీ రోజూ పైకొచ్చేవాడు. యాభై ఏళ్ళ మనిషి, కాపురం హెబ్బగోడిలో. పాత బెంగళూరు తెలుగు. గుమ్మం బయటే నిలబడి చెయ్యి చాపేవాడు. నేను చీటీల కట్ట ఆ చేతిలో పెట్టేవాణ్ణి. “సార్,” అనేవాడు, వెళ్ళిపోయేవాడు. ఎనిమిదేళ్ళు అలాగే జరిగింది.

ఆమె వచ్చింది రెండువేల సంవత్సరం దాటాక. విజువల్ బేసిక్ నేర్చుకున్న అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. ఎప్పుడో తాతల కాలంలో వచ్చి బెంగళూరు పేటలో స్థిరపడిన నేతపనివాళ్ళ కుటుంబం. కొత్త విండోస్ మిషను ఒకటి, రంగుల తెర, మౌసు, అన్నీ ఆమె బల్ల మీద వెలిశాయి. నీలంతెర మీద తెల్ల అక్షరాలు తప్ప ఏమీ కనపడని నా పాత మిషను గోడవైపు జరిగింది. హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్ళు పాత ప్రోగ్రాములన్నీ కొత్తదానిలోకి మార్చడం గురించి ఆలోచించమన్నారట. మేనేజరు నన్ను పిలిచాడు.

“ఏమయ్యా, ఆ అమ్మాయి చీటీల ప్రోగ్రాం కొత్తగా రాస్తుంది. శనివారాలు పరీక్షించి చూడండి. మార్చాలో అక్కర్లేదో నువ్వే చెప్పు. ఒక్క పేజీ రాసివ్వు.”

“మారిస్తే నేనేం చెయ్యాలి?”

“ఏముంది, సెక్షను ఆ అమ్మాయి చూసుకుంటుంది. నువ్వు మళ్ళీ డెస్కుకి రా. అక్కడ మనుషులు చాలడం లేదు.”

ఆయన మామూలుగానే అన్నాడు. డెస్కులో అప్పటికి నా వెనక చేరినవాళ్ళు నా కంటే పై కుర్చీల్లో ఉన్నారని ఆయనకి తట్టినట్టు లేదు. నా ఉరితాడు నన్నే పేనమన్నాడనుకుంటూ గదికి తిరిగొచ్చాను. చెప్పులు బయట విడిచాను. ఆమె చెప్పులు అక్కడ లేవు. కాళ్ళకే ఉన్నాయి. కొత్త మిషన్లకి దుమ్ముతో పనిలేదట.

అసూయ ఒక్కరోజులో రాదు. కొంచెం కొంచెంగా చేరుతుంది. ఎవరైనా అతిథి వస్తే మేనేజరు తిన్నగా ఆమె బల్ల దగ్గరికే తీసుకొచ్చేవాడు. ఆమె మౌసు జరిపితే తెర మీద బొమ్మలు తెరుచుకునేవి, మూసుకునేవి. వాళ్ళు “ఓహో” అనేవాళ్ళు. ఆమె రాకముందు, రెండువేల సంవత్సరం వస్తే మిషన్లన్నీ తారుమారవుతాయని లోకమంతా బెదిరినప్పుడు నేను రెండు రోజులు కూర్చుని నా ప్రోగ్రాం సరిచేశాను. కొత్త సంవత్సరం నాడు చీటీలు ఎప్పటిలాగే వచ్చాయి. ఏమీ జరగలేదు కాబట్టి నన్నెవరూ “ఓహో” అనలేదు.

నేనూ ఊరుకోలేదు. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దగ్గర విజువల్ బేసిక్ మీద ఒక లావుపాటి పుస్తకం కొన్నాను. మా పత్రిక ఆదివారం అనుబంధంతోనే దానికి అట్ట వేశాను, బస్సులో ఎవరూ చూడకుండా. నాలుగో అధ్యాయం దాటలేదు. నా ప్రోగ్రాములో నేను చెప్పిన పని మిషను చేసేది, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, వార్త చదివినట్టు. ఇందులో మిషను ఖాళీగా కూర్చుని, మనం ఏ బటను నొక్కుతామా అని ఎదురుచూస్తుంది. ఎవరో నొక్కేదాకా ఏ వాక్యమూ మొదలవదు. అది నా తలకెక్కలేదు. ఆమెని అడిగితే చెప్పేదే. అడగలేదు.

అన్నిటికంటే ఎక్కువ మండింది మధ్యాహ్నాలప్పుడు. ఆమె డబ్బా తీసుకుని కిందికి, ప్యాకింగ్ షెడ్డులోకి వెళ్ళి తినేది. మా గది కిటికీలోంచి వాళ్ళ మాటలు వినపడేవి.

“ఏం తెచ్చిండావు పాపా ఈ పొద్దు?” ఇది మేస్త్రీ గొంతు.

“చిత్రాన్నం మామా.”

“నిన్నా చిత్రాన్నమే కదా! నిన్న మిగిలిందే అయ్యుంటాది.”

“మిగిలేదానికి మీరు ఇడిస్తే కదా! బేకంటే తినండి, లేకుంటే మూత పెట్టేస్తా.”

“అయ్యో, కోపం చూడప్పా ఈ పాపకు. ఇట్ల పెట్టు, ఇట్ల పెట్టు.”

నవ్వులు. వచ్చి నెలైనా కాలేదు, ఆమె పాప అయింది, ఆయన మామ అయ్యాడు. నేను ఎనిమిదేళ్ళుగా సార్‌ని. నా డబ్బాలో పప్పూ గోంగూరా ఉండేవి. ఏసీ గదిలో ఒక్కణ్ణే తినేవాణ్ణి, మెతుకులు కీబోర్డు మీద పడకుండా జాగ్రత్తగా.

మూడో నెలలో ఒకరోజు ఆమె కుర్చీ నా వైపు తిప్పింది.

“సార్, మీ ఏజెంట్ల ఫైల్లో వరస అని ఒక కాలమ్ ఉండాది. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు. అవి ఏంటికి సార్?”

నా ప్రోగ్రాంలోని ప్రాణమంతా ఆ కాలమ్‌లోనే ఉంది. అది లేకపోతే చీటీలు ఇంగ్లీషు అక్షరాల వరసలో వస్తాయి. కట్టలు ఎలా పడితే అలా వ్యానెక్కుతాయి. మొదటి ఊళ్ళోనే డ్రైవరు లోపలికి పాకి కట్టలన్నీ బయటికి లాగాలి. ఏజెంట్లు ఫోన్లు చేస్తారు. మేనేజరు నా దగ్గరికొస్తాడు. ఇదంతా ఒక్క క్షణంలో నా కళ్ళ ముందు కదిలింది.

“అవి పాతవమ్మా,” అన్నాను. “మొదట్లో ఏదో పెట్టాను. తీసెయ్.”

“సరే సార్,” అని కుర్చీ తిప్పేసుకుంది.

డెస్కులో ఉన్నప్పుడు ఒక్క తప్పు అంకె అచ్చయితే మర్నాడు సవరణ వేసేవాణ్ణి. తెలిసి తెలిసి తప్పు చెప్పడం అదే మొదలు. ఆ సాయంత్రం చీటీలు మేస్త్రీ చేతిలో పెడుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మేనేజరడిగిన ఒక్క పేజీ ఆ వారమే మొదలుపెట్టి, మూడు పేజీలు రాశాను. కొత్త మిషను ఖరీదు, కరెంటు పోతే ఇబ్బంది, ఆ అమ్మాయి మానేస్తే దిక్కెవరు, ఇలా. ప్రతి వాక్యమూ నిజమే. ఒకటి రెండు చోట్ల ‘అనుభవలేమి’ అన్న మాట కూడా వాడాను. చివర కొంత ఖాళీ వదిలాను, పరీక్షలో ఏం జరిగిందో రాయడానికి.

ఆదివారం అనుబంధం ముందే అచ్చయిపోతుంది కాబట్టి దాని కట్టలు శనివారం మధ్యాహ్నమే బయలుదేరతాయి. పరీక్ష దానితోనే. ఆ పూట అచ్చుపని ఏమీ లేదు, షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. వాకిట్లో ఉత్తరం వైపు వెళ్ళే వ్యాను తలుపు తెరిచి ఉంది. నేను ఆ షెడ్డులో అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ మెట్లు దిగాను. ఏదో సాయం చెయ్యడానికి వచ్చినట్టు చేతులు వెనక్కి కట్టుకుని ఒక మూల నిలబడ్డాను.

“రాండి సార్, రాండి,” అని మేస్త్రీ హడావిడి పడి ఒక స్టూలు తుడిచి పెట్టాడు. “మీరు ఈ పక్కకు వచ్చేదే లేదు.”

ఆమె కొత్త ప్రింటరు నుంచి చీటీలు తెచ్చి ఆయన చేతికిచ్చింది. నేను కూర్చున్నచోటి నుంచే మెడ సాచి చూశాను. బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, చింతామణి, దేవనహళ్ళి, గుడిబండ. అచ్చం ఇంగ్లీషు అక్షరాల వరస. ఇక కట్టడమే తరువాయి.

మేస్త్రీ కట్టలేదు. చీటీలు బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. చదివినట్టు కూడా లేదు. ఒకటి ఇటు, ఒకటి అటు జరిపి, మళ్ళీ దొంతి పెట్టి, పక్కవాడి చేతికిచ్చాడు. అర నిమిషం కూడా పట్టలేదు. దేవనహళ్ళి కట్టలు ముందు లోపలికి వెళ్ళాయి. తర్వాత చిక్కబళ్ళాపురం. తర్వాత గుడిబండ, బాగేపల్లి. చింతామణి అన్నిటికంటే ఆఖర్న, తలుపు దగ్గర.

నేను లేచి నిలబడ్డాను.

“మేస్త్రీ, అదేమిటి? దేవనహళ్ళి మొదట దిగుతుంది కదా. లోపలికి తోసేశారేమిటి?”

షెడ్డులో ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మేస్త్రీ తలగోక్కున్నాడు.

“అది అప్పుడు సార్. ఇప్పుడు బండి హొసకోట మీద చింతామణికి పోతాది. ఆడినుంచి బాగేపల్లి, గుడిబండ, చిక్కబళ్ళాపురం. తిరిగొచ్చేటప్పుడు దేవనహళ్ళి. చింతామణి ఏజెంటు పేపరు లేటని గలాటా చేసినాడు కదా, అప్పటినుంచి.”

“ఎప్పటినుంచి?”

“నాలుగేండ్లయింటాది.”

నాలుగేళ్ళు. సర్క్యులేషన్ వాళ్ళు పంపిన కాగితం నాకు గుర్తొచ్చింది. చింతామణిని కోలారు వ్యాను నుంచి ఉత్తరం వ్యానుకి మార్చమని. నేనే మార్చాను. అప్పటికి నాలుగు ఊళ్ళున్నాయి కాబట్టి దానికి అయిదు నంబరు వేశాను. ఎందుకు మారిందని అడగలేదు. షెడ్డులోకి దిగితే తెలిసేది. దిగలేదు.

“మరి నా చీటీలు?”

“మీ చీటీలు మేలు సార్,” అన్నాడు మేస్త్రీ నన్ను ఊరడిస్తున్నట్టు. “కట్ట తిరగేసుకుంటే సరిపోతా ఉండె. పాప చీటీలే అన్నీ కలిపేసుండాది.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. “ఈ పొద్దు ఒక్కరోజే కదా మామా, అడ్జస్ట్ చేసుకోండి.”

నాలుగేళ్ళుగా నా చీటీలు తలకిందులుగా వస్తున్నాయి. నాలుగేళ్ళుగా ఈయన గుమ్మం దగ్గర నా చేతిలోంచి కట్ట తీసుకుని, “సార్” అని, మెట్లు దిగి, తిరగేసుకుంటున్నాడు. నేను పైన ఏసీలో కూర్చుని వ్యాను తలుపుల గురించి గర్వపడుతున్నాను.

“నాకొక్క మాట చెప్పొచ్చు కదయ్యా!”

“ఎట్ల చెప్పేది సార్? మీరు అంత పొద్దు కూర్చోని, బండ్లలో తిరిగి, రాసుకోని చేసిండారు. తప్పంటే బేజారు చేసుకుంటారని.” కాళ్ళవైపు చూసుకుంటూ అన్నాడు. “మళ్ళ, పైకొస్తే చెప్పులు ఇడవల్ల. మా కాళ్ళంతా సిరా, గమ్ము. మీ గదిలోకి ఎట్ల వచ్చేది?”

ఆ అట్ట నా చేతిరాతే.

“నాకు మామ మొన్న చెప్పినాడు సార్,” అంది ఆమె. “మీరు ఆ నంబర్లు పాతవి, తీసెయ్ అన్నారు కదా. మీరే చెప్పినాక సరి అని తీసేస్తి. కొత్త వరస ఏదో చూద్దామని మామను అడిగితి. వచ్చే శనివారానికి వీళ్ళ వరసలోనే వస్తాది. దారి మారితే మామే మార్చుకోవచ్చు, ఒక స్క్రీను చేస్తా ఉండాను. ఇంకా ముగియలేదు.”

నేను మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. ఆమెని పడగొట్టడానికి చెప్పిన అబద్ధమది. తీరా చూస్తే నంబర్లు నిజంగానే పాతవి. నా మాట నమ్మే ఆమె వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. సిగ్గు పడాల్సింది అప్పుడే. పడలేదని కాదు. దానికంటే ముందు ఇంకొకటి వచ్చింది, ఇప్పటికీ ఒప్పుకోవడం కష్టంగా ఉంది. నాకు నాలుగేళ్ళు చెప్పని మాట ఈమెకి మూడు నెలల్లో చెప్పారని కుళ్ళిపోయాను. ప్రోగ్రాం పోతుందన్న బెంగ కూడా దాని ముందు చిన్నదైపోయింది.

సోమవారం ఆ మూడు పేజీలు బయటికి తీశాను. చివర వదిలిన ఖాళీలో రాయడానికి నా దగ్గర సరుకుంది. కొత్త ప్రోగ్రాం చీటీలు తప్పు వరసలో వచ్చాయి, పని చేసేవాళ్ళు చేత్తో సరిచేసుకోవలసి వచ్చింది. అక్షరమక్షరం నిజం. పాత ప్రోగ్రాం సంగతి ఎవరడుగుతారు? డెస్కులో ఇలాంటి వార్తలు నా చేతి మీదుగా చాలా వెళ్ళాయి. సగం చెప్పి వదిలేసిన నిజాన్ని చూడగానే నాకు తెలిసిపోతుంది. కలం మూతపెట్టాను. గోడవైపు నా నీలంతెర వెలుగుతూ ఉంది. ఎదుట బల్ల ఖాళీ. ఆమె అప్పటికే కిందికి వెళ్ళింది. చిత్రాన్నం గురించి మళ్ళీ ఎవరో ఏదో అంటున్నారు.

మూడు పేజీలూ పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకున్నాను. మార్చాలి అని రాశాను. పాత ప్రోగ్రాంలో వరస నాలుగేళ్ళుగా తప్పని, దానికి కారణం నేనని రాశాను. మిషను ఒకటి ప్యాకింగ్ షెడ్డులోనే పెట్టాలని రాశాను. మేనేజరు చదివి కాగితం తిరగేసి చూశాడు, వెనక ఇంకేమైనా ఉందేమోనని.

“ఇంతేనా? నువ్వు పెద్ద వ్యాసమే రాస్తావనుకున్నాను.” మళ్ళీ చదివాడు. “ఈ వరస సంగతి కనిపెట్టిందెవరు? నువ్వేనా?”

ఆయన అంత సులువుగా అందించాడు. అవునంటే సరిపోయేది, అడ్డుచెప్పేవాళ్ళు లేరు. “ఆ అమ్మాయి,” అన్నాను. చెప్పానే గానీ, చెబుతున్నంతసేపూ లోపల ఏదో పీకుతూనే ఉంది. నంబర్లు పాతవని ఎందుకన్నానో మాత్రం ఆయనకి చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు. ఇన్నాళ్ళకి ఇక్కడే చెబుతున్నాను.

నెల తిరిగేలోగా మిషను షెడ్డులోకి దిగింది. నేను డెస్కుకి వెళ్ళాను. అయినా ఆ మొదటి శనివారం ఏదో పనున్నట్టు కిందికి దిగాను. మేస్త్రీ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు, చెప్పులతోనే. పక్కన ఆమె నిలబడి చూపిస్తోంది. ఒకప్పుడు నేను ఒకటి వేసిన దేవనహళ్ళి ఎదురుగా, ఖాళీ గడిలో, ఒక్క వేలితో అయిదు వెతికి నొక్కాడు. ఎడమచేత్తో కళ్ళజోడు పైకి తోసుకుని తెరకి దగ్గరగా వంగాడు. బాగా చూడాలని నేను ఇంకో అడుగు ముందుకు వేశాను.

“సార్,” అన్నాడు ఆయన తల తిప్పకుండా, “స్వల్ప జరగండి సార్. వెలుతురు రావడంలే.”

పక్కకి జరిగాను.